కాకి తెల్లబడిన చోటు

కృష్ణ అంటే నలుపు. మహాబలేశ్వరం కొండల్లో సుమారు 1,300 మీటర్ల ఎత్తున పుట్టి, దక్కను నల్లరేగడి నేలలను ఒరుసుకుంటూ 1,400 కిలోమీటర్లు నడిచొచ్చే ఏటికి అంతకన్నా తగిన పేరు దొరకదు. ఆ నల్లమ్మ నడక ముగిసే చోట ఒక ఊరుంది. దాని పేరు మాత్రం తెల్లగా మెరుస్తూ ఉంటుంది. హంసలదీవి.

ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు. లోకంలో పాపులంతా వచ్చి మునిగి మునిగి, వాళ్ల పాపాలన్నీ ఒంటికి అంటుకుని గంగమ్మ నల్లబడిపోయింది. ఎవరి మురికైనా గంగలో కడుక్కుంటారు, గంగ తన మురికి ఎక్కడ కడుక్కోవాలి? విష్ణుమూర్తి దగ్గరకెళ్లి మొరపెట్టుకుంది. ‘కాకివై తిరుగు. భూమ్మీద ఉన్న తీర్థాలన్నిటిలోనూ మునుగు. ఎక్కడ మునిగితే నలుపు పోయి హంసవవుతావో, అన్నిటిలోకీ అదే గొప్ప తీర్థం’ అన్నాడాయన. కాకి బయల్దేరింది. ఎన్ని నదుల్లో మునిగినా కాకి కాకిగానే లేచింది. చివరికి కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునిగింది. లేచేసరికి ఒంటినిండా తెల్లని ఈకలు. ఆ హంస నిలిచిన దీవి హంసలదీవి.

స్థలపురాణాలు అల్లినవాళ్లకు చమత్కారం తెలియదని అనుకునేవాళ్లు ఈ కథను ఇంకోసారి వినాలి. తెల్లని గంగ తన నలుపు వదిలించుకోవడానికి, పేరులోనే నలుపున్న నది కొసకు రావాల్సి వచ్చింది! కథను భక్తితో వినేవాళ్లు వింటారు, మాఘ పౌర్ణమికి వేల సంఖ్యలో వెళ్లి సంగమంలో మునుగుతారు. నాకు మాత్రం దీని వెనక ఏటి ఒడ్డున ఏళ్ల తరబడి కూర్చుని నీళ్లను చూసినవాడి కళ్లు కనిపిస్తాయి. నల్లగా వచ్చింది తెల్లబడి పోవడం పుక్కిటి మాట కాదు. వరద వచ్చిన ప్రతి ఏడూ కృష్ణ మొగలో, అంటే ఏరు సముద్రంలో పడే నోటి దగ్గర, జరిగే పనే అది.

బెజవాడ వాళ్లకు ఈ ఊరు దగ్గరే. ఆటోనగర్ దాటి బందరు రోడ్డు పట్టుకుంటే పామర్రు దాకా ఒకటే దారి. అక్కడ కుడికి తిరిగితే కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ, కోడూరు వరసగా వస్తాయి. చెరకు, పసుపు, అరటి ఒక్కొక్కటే వెనకబడిపోతాయి. వరి మాత్రం కొంతదూరం తోడొస్తుంది. కోడూరు దాటాక అదీ పల్చబడి రొయ్యల చెరువులు మొదలవుతాయి. చెరువు నీళ్లను చిలుకుతున్న ఏరియేటర్ల చప్పుడు వినిపించిందంటే సముద్రం ఇక ఎంతో దూరం లేదని లెక్క.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. పెద్దపాయ కుడిచేతివైపు తిరిగి నాగాయలంక మీదుగా పోయి, కడలి దగ్గరపడేసరికి మళ్లీ మూడు పాయలవుతుంది. చిన్నపాయ ఎడమచేతివైపు తిరిగి హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. ఈ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య చిక్కిన నేలే దివిసీమ. దివి అన్నా దీవి అన్నా ఒకటే. బస్సులో కూర్చుని వంతెన మీద దాటుతుంటే ఒక దీవిలోకి వెళ్తున్నామన్న సంగతే తట్టదు. అంత పెద్ద దీవి, అంత చదునైన నేల.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. దేవతలు ఒక్క రాత్రిలో కట్టారనీ, కోడి కూసేసరికి గోపురం పని సగంలో వదిలేసి వెళ్లిపోయారనీ చెబుతారు. పని మధ్యలో ఎందుకు ఆగిందో చెప్పడానికి ఇంత అందమైన సాకు ఇంకే మేస్త్రీ నోటా వినలేదు. గుడి హంసలదీవిలో ఉంటే సముద్రం పాలకాయతిప్పలో ఉంటుంది. రోడ్డు ఆగిపోయే చోట, ఇసుక మీద కూర్చున్న వేటపల్లె అది. వలలు, ఇంజిన్ పడవలు, ఉప్పుగాలికి తుప్పుపట్టిన రేకులు, తాళ్ల మీద వేలాడే ఎండుచేపలు.

పాలకాయలంటే మన ఇళ్లలో కృష్ణాష్టమికి బియ్యప్పిండితో చేసే పిండివంట. వేణుగోపాలుడి గుడికి కూతవేటు దూరంలో ఊరికి ఆ పేరుండటం చూస్తే కథ ఒకటి అల్లేయాలని నోరూరుతుంది గానీ, వద్దు. పేరులో రెండో ముక్క చాలు. తిప్ప అంటే నీళ్ల మధ్య పైకి తేలిన ఇసుక మేట. ఈ సీమలో ఊళ్లకు పేర్లు పెట్టింది పండితులు కాదు, పడవ మీది నుంచి చూసినవాళ్లు. నీళ్లలోంచి తల ఎత్తిందల్లా వాళ్లకు ఒక గుర్తు, ఆ గుర్తే ఊరి పేరు. కొత్తగా తేలితే తిప్ప, కాస్త ఎత్తు పెరిగితే దిబ్బ, పంట వేసుకునేంత గట్టిపడితే లంక. ఈలచెట్లదిబ్బ, నాచుగుంట, ఎదురుమొండి, నాగాయలంక. సొర్లగొంది అన్నప్పుడు ఇరుకు పాయలో ఎదురైన సొరచేపలు కళ్లముందు కదులుతాయి. గుల్లలమోద అన్నప్పుడు కాళ్ల కింద గుల్లలు పటపటమంటాయి. ఈ పేర్లన్నీ వరసగా చదువుకుంటే డెల్టా ఎలా పుడుతుందో చెప్పే పాఠం చదివినట్టే.

సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్లూ ఒక పేరు పెట్టిపోయారు. బందరు రేవుకు వచ్చే తెల్లవాళ్ల ఓడలు దివిసీమ కొమ్మును చుట్టి రావాలి. ఈ తీరమేమో అరచేతిలా చదును. కొండ లేదు, గుట్ట లేదు. దక్షిణం నుంచి వస్తుంటే ముందు కనిపించే కొమ్మును చూసి అదే దివి అనుకుని పొరబడే ప్రమాదముంది. అందుకే ఆ మొదటి కొమ్ముకు వాళ్ల పటాల్లో ఫాల్స్ దివి పాయింట్ అని రాసుకున్నారు. అంటే దొంగ దివి అన్నమాట. ఒకే నేలకు మనవాళ్లు హంసల పేరు పెడితే, ఓడల వాళ్లు పటంలో దొంగని రాశారు. ఎవరి భయం వాళ్లది, ఎవరి భక్తి వాళ్లది.

ఇంతకీ హంసలున్నాయా? లేవు. పాలూ నీళ్లూ వేరుచేసే ఆ కావ్యాల పక్షి సంగతి అలా ఉంచితే, పక్షిశాస్త్రం చెప్పే హంస కూడా ఈ తీరానికి వచ్చేది కాదు. మన పాతకాలపు శిల్పాల్లో, కావ్యాల్లో హంసగా నిలిచింది హిమాలయాలు దాటి శీతాకాలానికి మన చెరువులకు దిగే చారల తల బాతే అయ్యుండొచ్చని కొందరంటారు. మనం రాజహంస అని పిలిచే గులాబీరంగు పక్షి పులికాట్ సరస్సుకు గుంపులుగా వస్తుంది. ఆ పక్షి గురించి ఒక ముచ్చట చెప్పుకోవాలి. రాజహంస పిల్ల గుడ్డులోంచి గులాబీగా రాదు. పుట్టిన కొన్నాళ్లకే బూడిదరంగు బొచ్చు కప్పుకుని, మాసిన గుడ్డపీలికలా తిరుగుతుంది. ఉప్పునీటి నాచూ, సన్నని రొయ్యజాతి పురుగులూ తినగా తినగా, వాటిలోని రంగు ఈకలకు ఎక్కి, రెండు మూడేళ్లకు గానీ తల్లి పోలిక రాదు. తిండి మారితే ఆ రంగు మళ్లీ వెలిసిపోతుంది.

ఇంకో పక్షి ఉంది. మన దేశపు సముద్రతీరాల్లో, ముఖ్యంగా పడమటి తీరంలో కనిపించే ఒక కొంగ. దీనిలో కొన్ని పక్షులు తెల్లగా ఉంటాయి, కొన్ని పలకలా నల్లగా ఉంటాయి. జాతి ఒకటే, గూళ్లు కట్టుకునేదీ పక్కపక్కనే. నల్లదీ తెల్లదీ జతకడతాయి కూడా. ఏదో ఒక కాలంలో ఎవరో వేటగాడు నీళ్లలో నల్లకొంగను చూసి, కాసేపు వల మీదకి తల వంచి, మళ్లీ తలెత్తేసరికి అక్కడే తెల్లకొంగను చూసి ఉంటే? ఇది నా ఊహ మాత్రమే, ఎవరి మీదా రుద్దను. కథకు పక్షి ఎక్కడ దొరికినా, అసలు సంగతి నీళ్లలో ఉంది.

సంగమం పాలకాయతిప్ప బీచ్ నుంచి ఇసుక మీదుగా నాలుగైదు కిలోమీటర్లు. “సంగమం ఎటు తాతా?” అని అడిగితే, వల కన్నాలు కుట్టుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే “ఏ ఏటిది బాబూ?” అన్నాడు. ఏరు గురించి అడుగుతున్నాడో ఏడాది గురించి అడుగుతున్నాడో తేల్చుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆయన అడిగింది ఏడాది గురించే. మొగ ఒకచోట నిలవదు. అలలు ఇసుకను ఒడ్డు వెంట పక్కకు నెట్టుకుంటూ పోయి ఏటి నోటికి అడ్డంగా పొడవాటి ఇసుక నాలుక సాగదీస్తాయి. ఏరు బలహీనంగా ఉన్నన్నాళ్లూ ఆ నాలుకను చుట్టుకుని దూరం వెళ్లి పడుతుంది. పెద్ద వరద వచ్చినప్పుడు దాన్ని అడ్డంగా తెంచేసుకుని నేరుగా దూకుతుంది. నిరుడు నిలబడి దణ్ణం పెట్టుకున్న చోట ఈ ఏడు మోకాలిలోతు నీళ్లుంటాయి, లేదా ఇసుక ఉంటుంది.

వరద తగ్గుముఖం పట్టిన రోజుల్లో వెళ్తే కనిపించేది ఒక గీత. ఇటు మట్టిరంగు నీరు, అటు ఆకుపచ్చని సముద్రం, మధ్యలో నురగ. ఆ నురగలో ఏరు తెచ్చిన సరంజామా అంతా చిక్కుకుని ఊగుతుంటుంది. గుర్రపుడెక్క, తాటిమట్టలు, కొబ్బరి డొక్కలు, ఎవరిదో ఒంటి చెప్పు. గీత కూడా కదులుతుంది. పోటు వచ్చినప్పుడు ఏటిలోకి జరుగుతుంది, పాటు వేళ సముద్రంలోకి సాగుతుంది. దాని వెంటే తెల్లపిట్టలు తలకిందులుగా నీళ్లలో పడుతూ లేస్తూ ఉంటాయి. రెండు నీళ్లు తగువాడుకునే చోట చిన్నచేప చేరుతుందని వాటికి తెలుసు.

గీతకు ఇటువైపు నీళ్లు ఒక గాజుగ్లాసులో ముంచి ఇసుకలో గుచ్చి పెట్టాను. పక్కన ఇంకో గ్లాసులో అవే నీళ్లు పోసి, కొద్దిగా సముద్రపు నీరు కలిపాను. మొదటి గ్లాసు ఎంతసేపు చూసినా టీ రంగులోనే ఉంది. రెండోదాన్ని మెల్లగా తిప్పుతుంటే కాసేపటికి నీళ్లలో ఏవో నలకలు కనపడసాగాయి. నలకలు ఒకదాన్నొకటి పట్టుకుని పోగులయ్యాయి. పోగులు బరువెక్కి కిందికి దిగడం మొదలుపెట్టాయి. అడుగున ఒక నల్లని పొర, పైన తేరుకుంటున్న నీరు.

పల్లెటూళ్లలో పెరిగిన వాళ్లకు ఇది కొత్త కాదు. వరద రోజుల్లో తెచ్చిన మురికినీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి కలిపితే మర్నాటికి నీళ్లు తేటపడేవి. తర్వాత ఆ పని పటిక చేసింది. మొగ దగ్గర అదే పని సముద్రపు ఉప్పు చేస్తుంది. బంకమన్ను రేణువు కంటికి ఆనదు. దాని ఒంటి మీద రుణవిద్యుత్తు ఉంటుంది. ఒకే రకం విద్యుత్తు ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి పారే మంచినీళ్లలో ఈ రేణువులు అంత తేలిగ్గా కలవవు, మునగవు. మహారాష్ట్రలో కొట్టుకొచ్చిన మన్ను మన దాకా నీళ్లలో తేలుతూనే రావడానికి ఇదొక కారణం. ఉప్పునీళ్లు తగలగానే అందులోని సోడియం, మెగ్నీషియం, కాల్షియం అయాన్లు రేణువుల చుట్టూ మూగి ఆ నెట్టుడును చల్లారుస్తాయి. అప్పటిదాకా పెడమొహాలుగా వచ్చినవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, బరువెక్కుతాయి, మునుగుతాయి. దీనికి ఉప్పు బాగా ముదరనక్కర్లేదు. సముద్రపు ఉప్పులో కొద్ది పాలు చాలు.

ఇప్పుడు కథను ఇంకోసారి తలుచుకోండి. దేశమంతా తిరిగి ఒళ్లంతా మసిచేసుకుని వచ్చింది, ఉప్పునీట మునిగింది, నలుపు దించుకుని తెల్లబడి లేచింది. పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందన్న పేరున్న పక్షినే ఈ చోటికి తెచ్చి నిలబెట్టినవాడు, మట్టినీ నీటినీ వేరుచేస్తున్న మొగను చూడలేదంటే నేను నమ్మను. అయితే కథ కాకి ఒంటి నుంచి నలుపు పోయిందన్నంతవరకే చెప్పి ఊరుకుంది. ఆ నలుపు ఎక్కడికి పోయిందో ఊరి పేరులో రెండో సగం చెబుతుంది. అది దీవి అయింది.

ఆ నలుపును దగ్గరగా చూడాలంటే మడ అడవిలోకి దిగాలి. పాయల గట్ల వెంట కాలు పెడితే పిక్కల దాకా దిగబడే బురద, కాటుకలా నల్లగా ఉంటుంది. కాలు పైకి లాగితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి చొరబడని ఆ బురదలో బతికే సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని గంధకపు లవణాలను వాడుకుని వదిలే వాయువు వాసన అది. ఆ గంధకమే మన్నులోని ఇనుముతో కలిసి నల్లరంగు తెస్తుంది. ఇక్కడి చెట్లకూ రంగుల పేర్లే, నల్లమడ, తెల్లమడ. తెల్లమడ ఆకు కోసి ఎండకు పట్టి చూస్తే పైన సన్నని మెరుపులు. నాలుకకు తగిలిస్తే ఉప్పు. వేళ్లతో తాగిన ఉప్పునీటిలో ఒంటికి పట్టని ఉప్పును చెట్టు ఆకుల మీదుగా బయటకు తోసేస్తుంది. చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్లు దానికి ముక్కుల్లాంటివి. వాటి మధ్య ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి తన ఒంటికి మించింది ఉన్న పీతలు ఆ పెద్ద చేతిని ఎవర్నో రమ్మని పిలుస్తున్నట్టు ఊపుతుంటాయి. పిలిచేది ఆడపీతను. మనం ఒక అడుగు వేస్తే చాలు, వందలాది పీతలు ఒక్కసారిగా బొరియల్లో మాయం. రాత్రిపూట ఇదే బురద మీద బావురుపిల్లి నడుస్తుంది. నీళ్లంటే భయపడని పిల్లి అది. నీళ్లలో దూకి చేపను పట్టుకుంటుంది. 1989లో ప్రకటించిన 194 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం దాని ఆస్తి.

ఏరు దించిన మట్టిని ఈ చెట్ల వేళ్లు పట్టుకుంటాయి, పట్టుకున్నది గట్టిపడుతుంది, గట్టిపడ్డది ముందుకు జరుగుతుంది. ఎంత జరిగిందో తెలియాలంటే దారిలో ఘంటసాల దగ్గర ఆగాలి. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఈ తీరపు వర్తక కేంద్రంగా పేర్కొన్న కంటకోసిల ఇదేనని చరిత్రకారులు చెబుతారు. మన శాసనాల్లో కంటకసోల. బౌద్ధ స్తూపం, రోమ్ దాకా సాగిన వర్తకం అన్నీ ఆ పేరుతో ముడిపడి ఉన్నాయి. ఇవాళ ఘంటసాల చుట్టూ వరిచేలే. సముద్రపు గాలి కూడా అంతగా తగలదు.

దాదాపు 6 వేల ఏళ్లుగా ఇలా ముందుకు జరుగుతూ వచ్చిన నేల ఇప్పుడు వెనక్కి నడుస్తోంది. కారణం మనం రోజూ తాగే నీళ్లలోనే ఉంది. 1855 నాటికే బెజవాడ దగ్గర ఆనకట్ట ఉంది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇవి నీటిని కాలువలకు తిప్పాయి గానీ వరద మట్టిని అంతగా ఆపలేదు. ఆపినవి పైనున్న పెద్ద జలాశయాలు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు, ఆ తర్వాత శ్రీశైలం వచ్చింది, ఎగువన కర్ణాటక, మహారాష్ట్రల్లో ఇంకెన్నో వచ్చాయి. జలాశయంలో నీరు నిలబడితే మన్ను అడుక్కి దిగుతుంది. మొగలో సముద్రం చేయాల్సిన పని శ్రీశైలం దగ్గరే అయిపోతోంది. 1966–69 మధ్య కృష్ణ ఏడాదికి 90 లక్షల టన్నుల మన్ను కిందికి తెచ్చేది. 2000–05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. కృష్ణా, గోదావరి డెల్టాల తీరాలు రెండూ కలిపి 1965 నుంచి 2008 లోపు 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైందని వాళ్లే ఉపగ్రహ చిత్రాలతో చూపించారు.

ఆటోనగర్ కూడా 1966లోనే మొదలైంది. లారీ బాడీలు కట్టే షెడ్ల ముందు నుంచి పొద్దున్నే నడిచేవాళ్లకు ఎప్పుడూ కనిపించే దృశ్యం, టిప్పరు తొట్టికి కొత్త రేకు అతికిస్తున్న వెల్డింగు మెరుపులు. ఆ తొట్టి నిండా రేపు ఎక్కేది కృష్ణ ఇసుకే. సాగర్ కింద మిగిలిన ఏటిలో ఎంతో కొంత కదిలే ఇసుకతో పటమట నుంచి పోరంకి దాకా అపార్టుమెంట్లు లేచాయి. నేనున్న ఇల్లూ అందులో ఒకటి. సాగర్ వద్దనీ, అపార్టుమెంట్లు వద్దనీ అనే నోరు నాకు లేదు. సాగర్ నీళ్లతో పండిన అన్నం తింటూ ఆ మాట అనలేం కూడా. కానీ హంసలదీవి దగ్గర అల వెనక్కి లాక్కుపోతున్న ఇసుక స్థానంలోకి రావాల్సిన ఇసుక మా మూడో అంతస్తులో ఉందని మాత్రం తెలుసు.

పల్లెలో ఈ లెక్కలు వేరే భాషలో వినిపిస్తాయి. కొత్తనీరు దిగిన ఏడు మొగలో రొయ్య కడుతుంది, కొయ్యింగలు, పండుగొప్పలు పాయల్లోకి ఎక్కుతాయి. నీరు రాని ఏడు ఏరంతా ఉప్పుదేలి, పడవ ఖర్చులు కూడా గిట్టవు. ఏటి మట్టి చేపకు ఎందుకు అని అడగక్కర్లేదు. ఆ మట్టితోపాటే సముద్రానికి తిండి వస్తుంది. నాచు నుంచి రొయ్య దాకా అందరికీ అది వడ్డన.

ఇక్కడ ఇసుక కోసం ఎదురుచూసేది మనుషులొక్కరే కాదు. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి ఎక్కుతాయి. ఒడిశా తీరంలోలా లక్షల్లో ఒక్కసారిగా రావు, ఒక్కొక్కటిగా వస్తాయి. వెనక కాళ్లతో కుండ ఆకారంలో గొయ్యి తీసి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఆ కప్పిన చోట ఒంటిని బాది చదును చేసి సముద్రంలోకి వెళ్లిపోతాయి. మళ్లీ వెనుదిరిగి చూడవు. 45 నుంచి 60 రోజులు ఆ గుడ్లకు ఇసుకే తల్లి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. నక్కలూ కుక్కలూ తవ్వకుండా అటవీశాఖవాళ్లు గుడ్లను ఏరి పాలకాయతిప్ప దగ్గర కంచె వేసిన ఇసుకలో పాతి పొదిగిస్తారు. తీరం కోసుకుపోయి గట్టు నిట్టనిలువుగా తెగిన చోట తాబేలు ఎక్కలేదు. వచ్చి, గోడను తడిమినట్టు తడిమి, తిరిగిపోతుంది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఈ నేల ఎంత పల్చనిదో లోకానికి తెలిసింది. దివిసీమను కమ్మిన నీరు 10 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరపు పల్లెలు ముందు దెబ్బ తిన్నాయి. తిప్ప అన్న మాటలోని తడి ఆ రాత్రి తెలిసొచ్చింది. ఉప్పెన తర్వాత తుపాను షెల్టర్లు వచ్చాయి, హెచ్చరికలు వచ్చాయి, మడచెట్లు నరకొద్దని చెప్పేవాళ్లూ వచ్చారు. పల్లె మాత్రం అక్కడే ఉంది. వేట ఉన్నచోటే ఇల్లు.

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. బ్యారేజీ చరిత్రలో అంతకుముందెన్నడూ చూడని ప్రవాహం. బెజవాడకు అది బుడమేరు వాగు వరద మిగిల్చిన గాయంతో కలిసి గుర్తుండిపోయింది. ఆ నీరంతా పులిగడ్డ దగ్గర రెండుగా చీలి, లంకలను ముంచి, చివరికి చేరింది ఈ మొగలకే. అంత పెద్దవి అక్కర్లేదు, ఏ మామూలు వరద ఏడైనా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బ్యారేజీ 70 గేట్లూ ఎత్తి, వరద తగ్గుముఖం పట్టిందన్న వార్త చదివాక ఒకసారి బయల్దేరండి. మాఘ పౌర్ణమికి వెళ్తే జనమూ, జాతర కొట్లూ, తలనీలాలూ చూసి రావొచ్చు, నురగ గీత కనపడకపోవచ్చు. అన్నట్టు గాజుగ్లాసులు ఇంటి దగ్గర నుంచే పట్టుకెళ్లండి. బీచ్ దగ్గరి బడ్డీకొట్లలో దొరికేవి కాగితం కప్పులు. వాటిలో మట్టి దిగినా బయటికి కనపడదు.